ఎడంచేతి కత్తెర

ఇస్త్రీ మేనేజరు తనకు చేసిన అన్యాయాల్లో కటింగ్ మాస్టారు ఒక్కటి కూడా మరచిపోలేదు. అలాంటి మనిషికి మతిమరుపు వచ్చిందని కాగితం మీద రాయించినవాడు కూడా ఆ ఇస్త్రీ మేనేజరే. ఆ మేనేజరుకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. చొక్కా మీద ముడతన్నది లేకుండా తిరుగుతాడని, కూర్చుంటే ఎక్కడ నలుగుతుందోనని పొద్దస్తమానం నిలబడే ఉంటాడని చొక్కాల ఫ్యాక్టరీలో రెండు వందల మందీ పిలుచుకునే పేరు ఇది. మొదట అన్నది మాస్టారే. ఆ సంగతి మేనేజరుకు తెలుసు.

అసలు జరిగింది చాలా చిన్నది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం మాస్టారు కళ్ళు తిరిగి పడిపోయాడు. పడుతూ పడుతూ నుదురు బల్ల అంచుకు కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రివాళ్ళు రెండు రోజులు ఉంచుకుని, ఏమీ లేదు, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపేశారు. అక్కడితో అయిపోవాలి. కానీ మేనేజరు ఒప్పుకోలేదు. "మిషన్ కత్తి ముందు నిలబడే మనిషి. తలకు దెబ్బ తగిలింది. జ్ఞాపకం సరిగా ఉందని పరీక్ష చేసి కాగితం ఇస్తేనే బల్ల దగ్గరికి రానిస్తాను. రూలు రూలే" అన్నాడు. రూలు ఉన్నమాట నిజమే. ఇరవై రెండేళ్ళుగా అది ఎవరికీ గుర్తు రాలేదు. మేనేజరు బావమరిది మూడు నెలలుగా పని లేకుండా ఇంట్లో కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది.

పరీక్ష శుక్రవారం. గది ఆస్పత్రి మేడమీద, మెట్ల పక్కన ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు గడియారం. పరీక్ష పెట్టే అమ్మాయికి మాస్టారి కూతురంత వయసుంటుంది. ముందొక కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎంతవరకు చదివారు సార్?"

"అయిదు. అయిదు మధ్యలో."

"ఏ చేత్తో రాస్తారు?"

"కుడిచేత్తో."

టిక్కు పెట్టింది. పెన్సిలు తెచ్చి అతని కుడిచేతి పక్కన పెట్టింది. పెన్సిలు, తెల్లకాగితం, ఎదురుగా ప్రశ్నలడిగే మనిషి. ఈ మూడూ ఒక్కచోట కనబడేసరికి మాస్టారు కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, నడుం నిటారుగా చేసుకున్నాడు. ఎడంచెయ్యి తనంతట తానే బల్ల కిందికి జారి ఒళ్ళో దాక్కుంది.

ఆ అమ్మాయి అట్ట మీద అతికించిన బొమ్మ ముందు పెట్టింది. ఇల్లు కాదు, పడవ కాదు. పెద్ద చతురస్రం, దాని లోపల అడ్డంగా ఏటవాలుగా గీతలు, ఒక పక్కన త్రికోణం, మూలన మూడు చుక్కలున్న సున్నా, కింద అయిదు మెట్ల నిచ్చెన. "దీన్ని చూసి ఇలాగే గీయండి. తొందరేం లేదు" అంది.

మాస్టారు పెన్సిలు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఏళ్ళ తరబడి చేస్తున్నది జీతం పుస్తకంలో సంతకం, సైజు చీటీల మీద అంకెలు, అంతే. గీత మొదలుపెడితే వణికింది. వణక్కుండా గట్టిగా పట్టుకుంటే పెన్సిలు ముల్లు విరిగింది. ఆ అమ్మాయి ఇంకో పెన్సిలిచ్చింది. మాస్టారు నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతనూ మూటలా మోసుకుంటూ అవతలి ఒడ్డుకు చేర్చాడు. గీత వంకర పోతోందన్న దిగులే తప్ప, ఆ గీత దేనిదో, దేన్ని తాకాలో బుర్రలోకి ఎక్కలేదు. అయిపోయేసరికి మెడ మీద చెమట కారుతోంది.

తర్వాత అంకెలు వెనక్కి చెప్పమంది. వారాలు తిరగేసి చెప్పమంది. అన్నీ చెప్పాడు. అరగంట గడిచాక తెల్లకాగితం ముందు పెట్టింది.

"ఇందాకటి బొమ్మ, గుర్తున్నంత వరకు గీయండి."

మాస్టారు చతురస్రం గీశాడు. ఏటవాలు గీత ఒకటి గీశాడు. నిచ్చెన రెండు మెట్లు దిగి అక్కడ ఆగిపోయాడు. పెన్సిలు గాలిలో నిలబడింది. బల్ల కింద మాత్రం ఎడంచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉన్నాయి, మధ్యలో సుద్దముక్క ఏదో ఉన్నట్టు.

"ఇంకేమీ గుర్తు రావట్లేదా సార్?"

"లేదమ్మా" అన్నాడు. అలా అంటూ మొదటిసారి భయపడ్డాడు.

సోమవారం పొద్దున కాగితం ఫ్యాక్టరీకి చేరింది. మేనేజరు దాన్ని గదిలో చదువుకుని ఊరుకోలేదు. అందరూ వచ్చేదాకా ఆగి, మిషన్ల మధ్య నిలబడి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చదివాడు.

"నలభైకి పదమూడు. విన్నారుగా? నలభైకి పదమూడు. నేనన్నది కాదు, ఆస్పత్రి రాసింది. మాస్టారూ, మీ మంచి కోసమే. కత్తి దగ్గర మరుపొస్తే వేళ్ళు పోతాయి. ఈ రోజు నుంచి దారాల బల్ల దగ్గర కూర్చోండి."

కటింగ్ బల్ల దగ్గర అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కొత్త టేపు మెడలో వేసుకున్నాడు. చెడ్డవాడిలా లేడు. మాస్టారి ముఖం చూడలేక టేపు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

దారాల బల్ల అంటే కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారపు కొసలు తుంచే చోటు. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరిలోకీ పెద్దావిడను ఫ్యాక్టరీ అంతా పెద్దమ్మ అంటారు. మాస్టారికి స్టూలు జరిపింది.

"రా నాయనా, రా. ఇరవై రెండేళ్ళకు మా బల్ల కంటబడిందా నీకు?"

"ఊరుకో పెద్దమ్మా, ఒళ్ళు మండుతోంది."

"మండితే మండనీ. చేతులు మాత్రం ఆడించు. సాయంత్రానికి మూడొందల చొక్కాలు."

చిన్న తుంపుడు కత్తెర ఎడంచేతిలోకి తీసుకుని మాస్టారు పని మొదలుపెట్టాడు. కాలరు, మెడ, జేబు, గుండీల వరస, చేతి పట్టీ. పది నిమిషాల్లో పక్కావిడ కుప్పను దాటేశాడు. చెవులు మాత్రం కటింగ్ బల్ల మీదే ఉన్నాయి. గుట్టలు గుట్టలుగా పేర్చిన గుడ్డను మిషన్ కత్తి కోస్తుంది. కాలర్లు, మూలలు సరిచేయడానికి మాత్రం చేతి కత్తెరే. ఆ కత్తెర మాస్టారు తనకోసం ప్రత్యేకంగా చేయించుకున్నది. బల్లకు గొలుసుతో కట్టి ఉంటుంది. మాస్టారు వాడితే ఒకే చప్పుడు, తెల్లకాగితం చింపినట్టు సర్రుమని. ఇప్పుడు అక్కడి నుంచి వస్తున్న చప్పుడు వేరు. పళ్ళులేని నోట్లో జంతిక నలిగినట్టు కసుక్, కసుక్.

"ఏమైంది వాడికి? గుడ్డ కోస్తున్నాడా, నములుతున్నాడా?" అంది పెద్దమ్మ.

మాస్టారికి కారణం తెలుసు. చెప్పొచ్చు. చెప్పలేదు. చొక్కా తిరగేసి ఇంకో దారం తుంచాడు. ఆ రోజు మొత్తంలో అతని ప్రాణానికి సుఖంగా అనిపించింది ఆ కసుక్ చప్పుడొక్కటే.

మంగళవారం కూడా అంతే. మధ్యాహ్నానికి తొంభై కాలర్లు పాడయ్యాయని, మేనేజరు కత్తెరకు సాన పట్టించాడని, సాన పట్టించాక ఇంకా బాగా నమిలిందని దారాల బల్లకు కబురొచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ కథంతా భార్యకు చెప్పాడు. ఆవిడ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, మూలలు లాగుతూ వింటోంది.

"అది ఎడంచేతి కత్తెరే పిచ్చిదానా! నాకోసం చేయించిందిగా. రెండు రేకులూ తిరగేసి ఉంటాయి. దాన్ని తీసుకెళ్ళి కుడిచేతిలో పెట్టుకుంటే రేకులు దూరం జరుగుతాయి, గుడ్డ మధ్యలో మడత పడుతుంది. ఇక సానేం చేస్తుంది, సాన! కత్తెరలో లోపం లేదు, వాడి చేతిలోనూ లోపం లేదు. ఆ చేతికి ఆ కత్తెర కాదు, అంతే!" అని తొడ మీద చరిచి నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత అదే నవ్వడం.

"నవ్వింది చాలు గానీ, మీ సంగతేంటి? అంత పెద్ద పరీక్షలో ఏం బొమ్మ ఇచ్చారట?" అంది ఆవిడ.

"అదొక బొమ్మా, పాడా! చొక్కా ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పడేసినట్టుంది." చొక్కా జేబులోంచి సుద్ద తీసి, ఆవిడ అప్పుడే సాపు చేసిన నీలం దుప్పటి మీద వంగాడు. "ఇదిగో, ఇది ముందు ముక్క. ఇక్కడ్నించి ఇక్కడికి ఏటవాలు, ఇంకొకటి ఎదురుగా. ఈ పక్కన కాలరు మూలలాగా త్రికోణం. ఇక్కడ సున్నా, లోపల మూడు గుండీలు. కింద నిచ్చెన, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు."

సుద్ద ఎక్కడా ఆగలేదు. ఎక్కడా వణకలేదు.

ఆవిడ ముందు దుప్పటి పాడుచేశాడని కసురుకోబోయింది. నోరు తెరిచింది కూడా. అలాగే ఉండిపోయి బొమ్మ వంక చూసింది. బొమ్మ మీంచి సుద్ద పట్టుకున్న చేతి వైపు చూసింది.

"ఇంత గుర్తుంటే అక్కడెందుకు గీయలేదు?"

"ఏమో. అక్కడ ఏమీ తోచలేదు."

"ఏ చేత్తో గీశారు అక్కడ?"

"ఏ చేత్తో ఏంటి? పెన్సిలంటే కుడిచేత్తోనేగా పట్టుకుంటారు."

ఆవిడ మంచం చివర కూర్చుంది. "ఇందాక ఆ కొత్తాయన గురించి ఏదో అన్నారు చూడండి. ఆ చేతికి ఆ కత్తెర కాదని. ఇంకోసారి చెప్పండి, వింటాను."

మాస్టారు చెప్పబోయి ఆగిపోయాడు. సుద్ద ఉన్న చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. చూపుడువేలి కణుపు మీద మెరిసే పాత మచ్చ ఉంది, బడిలో స్కేలు అంచు దిగిన చోటు. పెన్సిలు పట్టుకున్నందుకు ఆ వేలికి అయిదో తరగతి మధ్యలో దక్కిన బహుమతి అది.

"రెండు రోజులుగా వాణ్ణి చూసి లోలోపల నవ్వుకుంటున్నాను" అన్నాడు ఆ మచ్చ నిమురుకుంటూ.

"రేపు నవ్వుదురుగాని. ఆ దుప్పటి తొక్కకండి" అంది ఆవిడ. సుద్ద చెదరకుండా లోపలి వైపుకు మెల్లగా మడతపెట్టింది.

బుధవారం ఇద్దరూ ఆస్పత్రి మేడ ఎక్కారు. పరీక్షలమ్మాయి తన బల్ల మీద ఎవరో దుప్పటి పరుస్తుంటే కంగారుపడింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ బొమ్మేనమ్మా. నిన్న సాయంత్రం ఈయన గీశారు, మీరు చూపించిన నాలుగు రోజులకి. సరిచూసుకోండి" అంది మాస్టారి భార్య.

ఆ అమ్మాయి అట్ట తీసి పక్కన పెట్టుకుని చూసింది. ఒక్కో ముక్క మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీరు కుడిచేత్తో రాస్తామన్నారు కదా సార్?"

"రాసేది కుడిచేత్తోనే తల్లీ. నువ్వడిగిందీ అదే. గీసేది, కోసేది, సూదిలో దారం ఎక్కించేది, తలుపు గడియ తీసేది, కోపమొస్తే బల్ల గుద్దేది, అన్నీ దీంతోనే" అని ఎడంచెయ్యి చూపించాడు మాస్టారు. "అవన్నీ నువ్వడగలేదు, నేను చెప్పలేదు. కాగితం కనబడితే కుడిచెయ్యే ముందుకొస్తుంది. దానికి చిన్నప్పుడు అలా భయం పెట్టారు."

ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది. "చెయ్యి మారితే చాలామందికి పెద్ద తేడా రాదనే మాకు చెప్పారు. కొంచెం వంకరగా గీస్తారు, అంతేనని. అందుకే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాం. మీకు మాత్రం... బుద్ధంతా పెన్సిలును తోలడానికే సరిపోయినట్టుంది. బొమ్మ చూసే తీరిక దొరకలేదు. సరిగ్గా లోపలికి పోనిది తిరిగి ఎలా బయటికొస్తుంది? తప్పు నాదే సార్."

"తప్పు సంగతి తర్వాత. ఈ దుప్పటికి మార్కులు వేస్తావా?"

"వెయ్యకూడదు. మీరు ఇంటికెళ్ళి నేర్చుకున్నారంటారు. ఇంకో బొమ్మ ఉంది, ఇంతే కష్టం. ఇప్పుడే మళ్ళీ పెడతాను. కానీ ఒక మాట ముందే చెప్తున్నా. ఈసారి కూడా తక్కువొస్తే రెండు కాగితాలూ ఫ్యాక్టరీకి పోతాయి. తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ దుప్పటి మడతపెట్టుకుంటోంది, తల ఎత్తలేదు. "కూర్చోండి" అంది అంతే.

ఈసారి ఆ అమ్మాయి పెన్సిలు బల్ల మధ్యలో పెట్టింది. ఎడంచెయ్యి ఒళ్ళోంచి పైకి రావడానికి కాస్త సమయం పట్టింది. బల్ల అంచు మీదికొచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి పెన్సిలు అందుకుంది. పెన్సిలును సుద్దలాగే పట్టుకుంది, పక్కకు వాల్చి, పైన చూపుడువేలు ఆనించి.

కొత్త బొమ్మలో రెండు వాలు భుజాలున్న అయిదు మూలల ఆకారం, లోపల అడ్డపట్టీలు, కింద ఒక గుండ్రం, పక్కకు పొడుచుకొచ్చిన చిన్న పెట్టె. మాస్టారు ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. చేతుల్లేని కోటు. ఇంకేముంది? ఇది భుజం, ఇది నడుంపట్టీ, ఇది గడియారం జేబు. గీతలు కొలిచినట్టు పడ్డాయి. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే కళ్ళు తీరిగ్గా బొమ్మంతా తిరిగి చూసుకున్నాయి.

అరగంట అంకెలు, వారాలు, కబుర్లు. బయట బెంచీ మీద ఆయన భార్య దుప్పటి మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల తెల్లకాగితం వచ్చింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మొదలుపెట్టాక తెరిచాడు. భుజం, భుజం, నడుంపట్టీ, జేబు, గుండ్రం. గడియారంలో ముల్లు నాలుగు గీతలు జరిగేలోపు పెన్సిలు కింద పెట్టేశాడు.

"అయిపోయిందా సార్?"

"అయిపోయింది. ఇంకేమైనా మిగిలితే చెప్పు, కత్తిరించి కూడా ఇస్తాను."

గురువారం పొద్దున మాస్టారు కాగితం పట్టుకుని ఫ్యాక్టరీలోకి వచ్చేసరికి కటింగ్ బల్ల చుట్టూ నలిగిన కాలర్లు కుప్ప పోసి ఉన్నాయి. మేనేజరు కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. ఈసారి పైకి చదవలేదు.

"సోమవారం గట్టిగా చదివారుగా సార్. ఇవ్వాళ గొంతు బాగోలేదా?" అంది దారాల బల్ల దగ్గర్నుంచి పెద్దమ్మ. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి.

"అయిదు రోజుల్లో పదమూడు ఇంత ఎలా అయింది? ఎవరి చేత రాయించావు?" అన్నాడు మేనేజరు.

"నా ఎడంచేతి చేత" అన్నాడు మాస్టారు. బల్ల దగ్గరికి నడిచి, గుడ్డముక్క పరిచి, సుద్దతో జానెడు తిన్నని గీత గీశాడు. గొలుసుతో ఉన్న కత్తెర తీసి మేనేజరు ముందు పెట్టాడు. "ఈ గీత మీద కోయండి సార్. నేనిక్కడ చేరకముందు మీరూ కటింగ్ మాస్టారే కదా. పదేళ్ళు కోసిన చెయ్యి."

"నేనెందుకు కోయాలి?"

"ఒక్క జానెడే సార్. అందరూ చూస్తున్నారు."

అందరూ చూస్తున్నారన్న మాటకు మేనేజరు కత్తెర పట్టుకున్నాడు, కుడిచేత్తో. మొదటి కోతకే గుడ్డ రేకుల మధ్య మడత పడింది. గట్టిగా నొక్కితే నలిగింది. ఇంకా గట్టిగా నొక్కి లాగాడు. గుడ్డ కుచ్చులు కుచ్చులుగా రేకుల్లోకి పోయింది, గీత ఎటో పోయింది. వంగి పీకుతుంటే ముంజేతి పట్టీ నలిగి, మోచేతి దగ్గర సుద్ద మరక అంటుకుంది. రెండు వందల మంది ఆ మనిషి చొక్కా మీద ముడత చూడటం అదే మొదలు.

"పదేళ్ళు కోసినవాళ్ళు జానెడు కోయలేకపోయారు. మతిమరుపని రాయమంటారా సార్?" అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

ముందుగా నవ్వింది మేనేజరు బావమరిదే. నవ్వి, మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "బావా, ఆయన బల్ల ఆయనకిచ్చెయ్. మూడు రోజులుగా ఈ కత్తెర నన్ను తిడుతూనే ఉంది. అది ఎడంచేతి కత్తెరని ఒక్కళ్ళైనా చెప్పి చావలేదు."

"అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు మాస్టారు. తర్వాత ఏమనుకున్నాడో, "కుడిచేతి కత్తెర ఒకటి బీరువా వెనక ఉంది. తెచ్చుకో. కాలర్లు ఎలా దిద్దాలో చూపిస్తాను. ఇద్దరికి సరిపడా పనుంది" అన్నాడు.

మేనేజరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. రూలు రూలే. పరీక్షలో నెగ్గినవాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వనని ఏ రూల్లోనూ లేదు. చేతిపట్టీ నిమురుకుంటూ తన గదిలోకి పోయి, ఆ రోజుకు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు కత్తెర ఎడంచేతిలోకి తీసుకున్నాడు. మేనేజరు నమిలిన చోటు పక్కనే ఇంకో గీత గీసి కోశాడు. సర్రుమంది. ఫ్యాక్టరీ ఆ చప్పుడు విని, మిషన్లు మళ్ళీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పెద్దమ్మ నీళ్ళ సీసా పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. "ఇంతకీ ఎంతొచ్చింది నాయనా? ఆయన పైకి చదవనే లేదు."

అప్పటిదాకా వెలుగుతున్న మాస్టారి ముఖం ముడుచుకుంది. "అదే నా కడుపు మంట పెద్దమ్మా. ఆ బొమ్మలో ఎడమ భుజం కుడి భుజం కన్నా నూలుపోగంత పొట్టిగా ఉంది. కావాలనే అలా గీశారట. అది తొడుక్కున్నవాడి గతేం కావాలి? భుజం జారిపోదూ? నేను రెండూ సమంగా గీశాను. ఆ పిల్ల తప్పంది. బొమ్మలో తప్పు దిద్దితే నాకు తప్పు వేస్తావేంటమ్మా అని అరగంట వాదించాను. వినలేదు. నలభైకి ముప్ఫై తొమ్మిది వేసి చేతిలో పెట్టింది."

"పోనీలే నాయనా."

"ఎలా పోనిస్తాను? చచ్చేదాకా గుర్తుంటుంది" అన్నాడు మాస్టారు కత్తెర ఎత్తుతూ. "పోయింది సరిగ్గా ఒక్క మార్కు."